దిగేటప్పుడు

తెల్లారి మూడింటికి కాశీబుగ్గలో మా గుమ్మం ముందు
కూర్మారావు కారు లైట్లార్పి నిలబడింది.
హారన్ కొట్టలేదు.
"గుంట నెగిసిపోద్దని" అన్నాడు, డిక్కీ తీస్తూ.

సంచిలో పాత నేతచీర చింపిన గుడ్డలు పదకొండు,
ఫ్లాస్కులో చోడిజావ, గ్రైపు వాటరు,
శ్రీకాకుళం డాక్టరు హైదరాబాదు డాక్టరుకి
రాసిన చీటీ ఉన్న ఫైలు.
మా అత్త దాలమ్మ చివర్లో పరుగున వచ్చి
వసకొమ్ము నా కొంగున ముడేసింది.
ఎనిమిది నెలలుగా అరగదీసి అరగదీసి
నా చిటికెన వేలంత మిగిలింది అది.

జోషిత నా ఒళ్లో.
నా వేళ్లకి ఇంకా జీడినూనె నలుపు.
పాప బుగ్గని వేళ్ల వెనకవైపుతోనే తాకుతాను,
అలవాటైపోయింది.

టెక్కలి నిద్రలోనే దాటింది.
బండి కదిలితే పడుకుంటుంది, ఆగితే లేస్తుంది.
"ఊయలకి పెట్రోలు పోస్తున్నాం" అన్నాడు లోకనాథం.
నవ్వాం. ఆ రోజుకి అదే నవ్వు.

మడపాం టోల్‌గేటు దగ్గర
వెనక లారీవాడు నొక్కాడు హారన్.
నా ఒళ్లు జలదరించింది,
లోకనాథం చేతిలో టీ ఒలికింది,
గేటు పక్క కుక్క లేచి అవతలికి పోయింది.
బండి ఆగిందని లేచిన జోషిత
నా గాజు తిప్పుకుంటూనే ఉంది.

కూర్మారావు అద్దంలో చూశాడు.
నేను చూశానని చూశాడు.
వంశధార వంతెన పొడుగునా ఎవరం మాట్లాడలేదు.

ఆ తర్వాత కూడా అతను,
రణస్థలంలో ఆవులొచ్చినా,
పైడిభీమవరం దగ్గర ఆటోలు అడ్డం తిరిగినా,
హారన్ కొట్టలేదు.
బ్రేకు తొక్కాడు, ఆగాడు,
కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

విశాఖ ఎయిర్‌పోర్టులో
పాప వెండి మొలతాడు దగ్గర మిషను కూసింది.
జావ తాగి చూపించమన్నారు, తాగాను.
కొంగుముడి విప్పించి, వసకొమ్ము పట్టుకుని
యూనిఫాం అమ్మాయి హిందీలో ఏదో అడిగింది.
"మాటలకి" అన్నాను తెలుగులో.
అటూ ఇటూ తిప్పి ఇచ్చేసింది.

రైలైతే ఒక పూటంతా.
ఆ డాక్టరు ఇవాళ మధ్యాహ్నం తప్పితే
మళ్లీ రెండు నెలలకిగాని లేడన్నారు.
అందుకే చీటీ పాట తగ్గించి ఎత్తేశాం,
ఇల్లు వేయించాల్సిన రేకులు
మబ్బుల మీద పరిచాం.

పక్కసీటావిడ మంచిది.
"దిగేటప్పుడు పాలివ్వమ్మా,
చెవులు పట్టేస్తాయి పిల్లలకి" అంది.
చెవులు అన్న మాటకి
మేమిద్దరం ఒకేసారి తల తిప్పాం.

దిగుతోంది.
ముందు వరసలో ఎవరి పిల్లాడో రాగం ఎత్తుకున్నాడు.
కాసేపటికి ఆ రాగం దూరమైంది,
తాడు తెగి బావిలోకి జారిన చెంబులా.
నా చెవుల్లో ఎవరో మైనం పోశారు.
లోకనాథం పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు.
ఇంజను లేదు.

జోషిత పాలు వదిలేసి నోరు తెరిచింది.
చిగుళ్లు, వణికే కొండనాలుక, ఎర్రబడ్డ ముక్కు.
ఏడుపంతా ఉంది, చప్పుడొక్కటే లేదు.
దాని రొమ్ము మీద నా అరచెయ్యి,
జీడిమిల్లు గోడకి ఆనించినట్టు
ఏడుపు అక్కడ తగిలింది.

ఏడుస్తూనే
వేళ్లు తెచ్చి నా పెదాల మీద పెట్టింది.
"జోషీ" అన్నాను.
ఏమన్నానో నాకే వినబడలేదు.
వేళ్లు తియ్యలేదు. మళ్లీ అన్నాను.

ఇక్కడేనా అమ్మా
నువ్వు ఎనిమిది నెలలుగా ఒక్కదానివే ఉంటున్నది?

చక్రాలు నేల తాకాక
టప్‌మని నావి తెరుచుకున్నాయి.
అంతా ఒక్కసారి మీద పడింది,
బెల్టులు, ఫోన్లు, పైన సామాన్ల పెట్టెల మూతలు,
అన్నిటి మీదా నా కూతురు.

బస్సులో నిలబడి ఉండగా అత్త ఫోను.
"దిగిపోనారేటి? గుంట ఏడిసిందా ఇమానంలో?"
"ఏడ్చిందత్తా."
"గట్టిగానేనా?"
"గట్టిగానే.
నాకే కాసేపు వినబడలేదు."